నొప్పి తెలిసేలోపే తెగే పట్లు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏడాదిన్నరగా బ్రెజిలియన్ జిజిత్సు (పట్లతో లొంగదీసే కుస్తీ లాంటి ఆట) నేర్చుకుంటున్నాను, ఇంకా మొదటి మెట్టు వైట్ బెల్టే. మూడు వారాల కింద రోలింగ్ (ప్రాక్టీసు కుస్తీ) చేస్తుంటే మా సీనియర్ ఒకాయన (నా పై మెట్టు, బ్లూ బెల్ట్) హీల్ హుక్ అనే మడమ పట్టు పట్టి తిప్పేశాడు. మోకాల్లో టక్‌మని శబ్దం వచ్చింది. నొప్పి పెద్దగా లేదు గానీ రాత్రికి వాచింది. ఎక్స్‌రే తీయిస్తే ఏమీ లేదన్నారు. ఇప్పుడు మెట్లు దిగుతుంటే మోకాలు పక్కకి జారుతున్నట్టు ఉంటోంది. కోచ్‌తో చెబితే ‘ఇది కొట్లాట ఆట, ఆ మాత్రం ఓర్చుకోవాలి’ అన్నారు. ఆ సీనియర్‌ని నేను అన్నా అని పిలుస్తాను, నాకు చాలా నేర్పాడు. ‘ఆ పట్టు వద్దు’ అంటే పిరికివాడు అనుకుంటాడేమోనని టెన్షన్. ఇలాంటి పట్లు నిషేధమా, కాదా? నిషేధమైతే మరి ఎందుకు నేర్పుతారు? వచ్చే నెల ఒక పోటీకి పేరిచ్చాను, వెళ్లొచ్చా? అన్నట్టు, నేనూ ఒకసారి కొత్తగా చేరిన కాలేజీ కుర్రాణ్ణి కాళ్లతో కత్తెర వేసి పడేశాను. వీడియోకి లైకులు బాగానే వచ్చాయి. అదీ తప్పేనా?

జవాబు: ముందు మీ మోకాలి సంగతి తేల్చుకుందాం, మిగతావి తర్వాత.

టక్‌మన్న శబ్దం, ఆ రాత్రికే వాపు, ఇన్ని రోజులైనా మెట్ల మీద జారుతున్నట్టు ఉండటం. ఈ మూడూ కలిసి వచ్చాయంటే లిగమెంటు దెబ్బతిందేమోనని అనుమానించి తీరాలి. ఎక్స్‌రేలో ‘ఏమీ లేదు’ అంటే ఎముక విరగలేదని మాత్రమే. లిగమెంటు గానీ, రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ గానీ ఎక్స్‌రేలో కనపడవు. ఈ వారంలోనే ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఆటగాళ్ల దెబ్బలు చూసే అలవాటున్నవారైతే మరీ మంచిది. ఆయన ముందు మిమ్మల్ని పడుకోబెట్టి, మోకాలు మడిచి, చేత్తో ముందుకీ వెనక్కీ లాగి చూస్తారు. అవసరమనుకుంటే ఎమ్మారై రాస్తారు. ఈలోగా ఇంట్లో ఎవరో ఒకరు పుత్తూరు కట్టు అంటారు, ఇంకొకరు నూనె పెట్టి గట్టిగా మర్దన చేయిస్తే సర్దుకుంటుందంటారు. లోపల ఏది తెగిందో తెలియకుండా కట్టూ వద్దు, మర్దనా వద్దు. మోకాలు మడత మీదే బిగుసుకుపోయి చాచలేకపోయినా, కాలి మీద బరువు ఆనకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. డాక్టర్ సరేననేదాకా మ్యాట్ ఎక్కకండి. ‘లైట్‌గా డ్రిల్స్ చేస్తాను’ అనే బేరం కూడా వద్దు.

నొప్పి పెద్దగా లేదు కాబట్టి దెబ్బ కూడా పెద్దది కాదని మీరూ, మీ కోచూ అనుకున్నట్టున్నారు. హీల్ హుక్‌తో వచ్చిన చిక్కంతా అక్కడే.

ఆ పట్టు ఎలా పనిచేస్తుందో ఒకసారి నిదానంగా చూడండి. అవతలివాడు మీ పాదాన్ని చంకలో ఇరికించుకుంటాడు. మీ మడమ అతని మోచేతి మడతలో చిక్కుతుంది. తన రెండు కాళ్లతో మీ తొడను కదలనివ్వకుండా బిగిస్తాడు. ఇక చేతి బలంతో పనిలేదు, ఒళ్లు ఒకవైపు తిప్పితే చాలు. పైన తొడ ఎముక కదలదు, కింద కాలి ఎముక తిరుగుతుంది, మధ్యలో మోకాలు తడిబట్ట పిండినట్టు మెలిపడుతుంది. పట్టుకున్నది మడమ, తెగేది మోకాలు. మోకాలు మడవడానికీ చాచడానికీ పనికొచ్చే కీలు. మెలితిరగడానికి దానికున్న వీలు చాలా తక్కువ. ఆ కాస్తా అయిపోయాక భారం పడేది లిగమెంట్ల మీదే. అవి తెగబోయే ముందు గట్టిగా నొప్పి పుట్టి హెచ్చరిస్తుందన్న భరోసా లేదు. ‘ఇంకా ఓర్చుకోగలను’ అనుకుంటుండగానే పని అయిపోతుంది.

మోచేతి పట్టు ఆర్మ్‌బార్‌తో పోల్చి చూడండి. మోచెయ్యి వెనక్కి వంగుతుంటే ముందు బిగుతు, తర్వాత నొప్పి, ఆ తర్వాత దెబ్బ. మధ్యలో ట్యాప్ చేయడానికి (చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోవడానికి) సాధారణంగా కొంత వ్యవధి దొరుకుతుంది. మెడ పట్టు సరిగ్గా పడితే పది సెకన్లలోపే స్పృహ తప్పొచ్చు. కానీ మెడ బిగుస్తున్న సంగతి ముందే తెలుస్తుంది, వెంటనే వదిలేస్తే మనిషి మామూలుగా తేరుకుంటాడు. మోకాలి లిగమెంటుకు ఆ సదుపాయం లేదు, తెగితే ఆపరేషనూ నెలల ఫిజియోథెరపీనే. పట్టుకుస్తీ ఆటల్లో ఏ నిబంధన చదివినా నాకు ఇదే లెక్క కనిపిస్తుంది. చిక్కినవాడు ‘ఓడిపోయాను’ అని చెప్పడానికి వ్యవధి ఉందా? లేకపోతే ఆ పట్టును పూర్తిగా తీసేస్తారు, లేదా అనుభవం ఉన్నవాళ్లకే వదులుతారు.

ఇప్పుడు మీ సీనియర్ సంగతి. జిజిత్సు పోటీల్లో ఎక్కువమంది అనుసరించే ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ బ్రెజిలియన్ జిజిత్సు సమాఖ్య) నిబంధనల్లో హీల్ హుక్ చాలా ఏళ్లు అందరికీ నిషేధమే. 2021లో నో-గీ (గీ అనే జిజిత్సు యూనిఫాం లేకుండా ఆడే) పోటీల్లో, అది కూడా పెద్దల విభాగంలో, పై మెట్లయిన బ్రౌన్, బ్లాక్ బెల్టులకు మాత్రమే అనుమతించారు. గీ వేసుకుని ఆడే పోటీల్లో బ్లాక్ బెల్టులకు కూడా ఒప్పుకోరు. నీబార్ (మోకాలి పట్టు), టో హోల్డ్ (పాదం మెలితిప్పే పట్టు) కూడా బ్రౌన్ బెల్ట్ నుంచే. మణికట్టు పట్టు రిస్ట్ లాక్ బ్లూ బెల్ట్ నుంచి. మీ వైట్ బెల్టుకు కాళ్ల పట్లలో దక్కేది చీలమండ పట్టు స్ట్రెయిట్ యాంకిల్ లాక్ ఒక్కటే. అంటే మీ అన్న మీ మీద వేసిన పట్టు ఆ పోటీల్లో తన తోటి బ్లూ బెల్ట్ మీద వేసినా అక్కడికక్కడే డిస్‌క్వాలిఫై అవుతాడు. ఈ మాట ఆయనకు తెలియకపోవచ్చు, తెలియనివాళ్లు చాలామందే ఉన్నారు. కానీ వైట్ బెల్ట్ మడమ పట్టుకుని గబుక్కున తిప్పడానికి నిబంధనల పుస్తకం చదివి ఉండక్కర్లేదు, ఎదుటివాడి మీద కాస్త శ్రద్ధ ఉంటే ఆగుతాడు. చాలా నేర్పాడంటున్నారు కాబట్టి మనసులో చెడ్డ ఉద్దేశం ఉందని నేననను. తప్పు మాత్రం తప్పే.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మాత్రం చివర్లో ‘అన్నట్టు’ అంటూ రాసిన రెండు లైన్లు.

కాళ్లతో కత్తెర వేసి పడేయడాన్ని జూడోలో ‘కానీ బసామి’ అంటారు. పక్కనుంచి ఎగిరి, ఒక కాలు ఎదుటివాడి నడుముకో తొడలకో అడ్డంగా, రెండోది అతని మోకాళ్ల వెనక పడేలా వేసి వెనక్కి తోస్తారు. వీడియోలో చాలా అందంగా ఉంటుంది, అది ఒప్పుకోవాల్సిందే. 1980లో ఆల్ జపాన్ బరువు విభాగాల చాంపియన్‌షిప్‌లో సుమియో ఎండో ఇదే పట్టు యసుహిరో యమషితా మీద వేశాడు. యమషితా కాలిలో పిక్క పక్కనుండే సన్నటి ఎముక, ఫిబులా, విరిగింది. వేసినవాడు ఆకతాయి కాదు, ప్రపంచ చాంపియన్. పడ్డవాడు జూడో చరిత్రలోనే గొప్పవాళ్లలో ఒకడు. తర్వాత కోలుకుని 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచాడు, 1985లో ఆట మానేసే నాటికి వరుసగా 203 మ్యాచ్‌ల్లో ఓటమి లేదు. అప్పటికి ఆ పట్టు నిబంధనలకు లోబడినదే. ఆ తర్వాత పోటీ జూడోలో దాన్ని నిషేధించారు. ఐబీజేజేఎఫ్‌లోనూ అంతే, ఏ బెల్టుకూ అనుమతి లేదు.

ఎందుకంటే ఇందులో ‘వ్యవధి’ అసలు సున్నా. హీల్ హుక్‌లోనైనా పట్టు బిగిసేదాకా ఒకటి రెండు క్షణాలుంటాయి. కత్తెరలో మీరు గాల్లోకి లేచాక మీ శరీరం మీ అదుపులో ఉండదు. మీ బరువంతా ఎక్కడ పడుతుందో ముందే చెప్పలేరు. ఎదుటివాడు అనుకోకుండా ఒక అడుగు వేసినా, కాలు నేలకు గట్టిగా ఆన్చి ఉన్నా, మీ బరువు అతని మోకాలి మీద పక్కనుంచి పడుతుంది. దాన్ని మధ్యలో ఆపలేరు, ట్యాప్ చేసే వీలు అతనికీ లేదు. అంతటి ఇద్దరి మధ్యే ఎముక విరిగిందంటే, ఏడాదిన్నర అనుభవంతో మీరు, పడటం కూడా సరిగ్గా రాని ఆ కాలేజీ కుర్రాడు ఎంత? ఆ రోజు ఏమీ కాకపోవడం అదృష్టం, మీ నైపుణ్యం కాదు. ఆ వీడియో తీసేయండి. చూసి ఇంకెవరో మేడ మీద ట్రై చేస్తారు. ఆ కుర్రాణ్ణి కలిసినప్పుడు మోకాలు ఎలా ఉందని ఒక మాట అడగండి. మీలాగే చెప్పకుండా ఓర్చుకుంటున్నాడేమో ఎవరికి తెలుసు.

ఈ కత్తెర మన పక్కనే ఉన్న ఆటలో కూడా నిషేధమే. కబడ్డీలో రైడర్‌ని ఎలాగైనా పట్టుకోవచ్చని బయటి నుంచి చూసేవాళ్లు అనుకుంటారు. రైడర్‌ని కాళ్లతో కత్తెర వేసి ఆపకూడదని, నోరు మూసో గొంతు నొక్కో కూత ఆపకూడదని, దెబ్బ తగిలేలా దురుసుగా పట్టకూడదని కబడ్డీ నిబంధనలు స్పష్టంగా చెబుతాయి. జపాన్ జూడోలో, బ్రెజిల్ నుంచి వచ్చిన జిజిత్సులో, మన కబడ్డీలో మూడుచోట్లా కత్తెరకు తలుపు మూసేశారు. అందరికీ ఒకే రకం మోకాళ్లు ఉన్నాయి మరి.

కుస్తీలోనూ ఈ లెక్కే. మన తాలీంఖానాల మట్టిలో ఆడే కుస్తీలో గెలవడానికి ఎవరి కీలూ విరవక్కర్లేదు, వీపు మట్టికి తాకించి చిత్తు చేస్తే చాలు. ఒలింపిక్స్ కుస్తీలో గొంతు పట్టడం, ఊపిరాడకుండా చేయడం, వేళ్లు విరవడం, వెన్నెముకను మెలిపెట్టి సాగదీయడం నిషేధం. ఒక నిబంధన నాకు మరీ నచ్చుతుంది. వెనకనుంచి నడుము పట్టి తలకిందులుగా లేపినప్పుడు ఎదుటివాణ్ణి పక్కకే పడేయాలి, నిలువునా తల మీదికి దించకూడదు. లేపడం తప్పు కాదు, ఎక్కడ దించుతావన్నదే ప్రశ్న. జూడోలో ఇంకో అడుగు ముందుకు వెళ్లారు. ఉచిమతా (ఎదుటివాడి తొడల మధ్య కాలు పెట్టి ఎత్తి పడేయడం) లాంటి పట్టు వేస్తూ వేసేవాడే తన తలను ముందుగా మ్యాట్‌కు గుచ్చినట్టు దూకితే వెంటనే బయటికి పంపేస్తారు. గెలుస్తున్నవాడి మెడను కూడా కాపాడే రూలు అది.

‘నిషేధమైతే ఎందుకు నేర్పుతారు’ అన్నది మంచి ప్రశ్న. పోటీలో నిషేధం అంటే విద్యలోంచి చెరిపేయడం కాదు. జూడోలో మోకాలిని మెలితిప్పే ఆషి గరామి అనే పట్టు ఉంది. పోటీల్లో దాన్ని తీసేసి దాదాపు వందేళ్లవుతోంది. అయినా కతమె నో కతా అనే సంప్రదాయ ప్రదర్శనలో ఈ రోజుకీ చివరి పట్టు అదే. ఇద్దరూ ఎవరు ఏం చేయబోతున్నారో ముందే తెలిసి, నిదానంగా చేస్తారు. జిజిత్సులో కథ ఇంకో దారిలో నడిచింది. చాలాకాలం కాళ్ల పట్లను చిన్నచూపు చూశారు. డీన్ లిస్టర్ అనే ఆటగాడు, మనిషి ఒంట్లో సగభాగాన్ని ఎందుకు వదిలేస్తారని కోచ్ జాన్ డానహర్‌ని అడిగాడంటారు. డానహర్ న్యూయార్క్‌లో కాళ్ల పట్లకు ఒక పద్ధతి అల్లాడు, ఆయన శిష్యులు గ్యారీ టోనన్, గోర్డన్ ర్యాన్ లాంటివాళ్లు దాంతో పెద్ద పోటీలు గెలిచారు. ఏడీసీసీ లాంటి పెద్ద నో-గీ పోటీల్లో హీల్ హుక్ చెల్లుతుంది. 2021 మార్పు వెనక ఈ చరిత్రంతా ఉంది.

అందుకే హీల్ హుక్ నేర్చుకోవద్దని నేననను. దాని గురించి ఏమీ తెలియకుండా ఉండటమే ఎక్కువ ప్రమాదం, మీ విషయంలో జరిగింది కూడా అదే. కానీ నేర్పే వరస ఒకటుంది. ముందు కాళ్లు ఎలా చిక్కుకుంటాయో, ఎలా విడిపించుకోవాలో. తర్వాత మడమ దాచుకోవడం. తర్వాత పట్టి, తిప్పకుండా వదిలేయడం. తిప్పడం అన్నిటికంటే ఆఖర్న, అది కూడా నిదానంగా, నమ్మకమైన పార్ట్‌నర్‌తో. మీ క్లాసులో ఈ వరస లేకుండా ఎవరికి తోచింది వాళ్లు యూట్యూబ్‌లో చూసి వేసుకుంటున్నారని మీ ఉత్తరం చదివితే అనిపిస్తోంది. ‘ఓర్చుకోవాలి’ అన్న మీ కోచ్ మాట చెమటకూ ఒళ్లునొప్పులకూ సరిపోతుంది, లిగమెంటుకు సరిపోదు. డాక్టర్ రిపోర్టు వచ్చాక దాన్ని తీసుకెళ్లి చూపించండి, మర్యాదగానే. ఫలానా బెల్టు వరకు ఫలానా పట్లు వద్దని గోడ మీద ఒక కాగితం అంటించమనండి. అలా చేయించగలిగితే మీ తర్వాత చేరేవాళ్లకు మేలు. ఆయన నవ్వి కొట్టిపారేస్తే వేరే క్లాసు వెతుక్కోండి. హైదరాబాద్‌లో ఇప్పుడు జిజిత్సు నేర్పే చోట్లకు కొదవ లేదు.

అన్నకు ఎలా చెప్పాలన్నది మీకు ఇంతకంటే కష్టంగా ఉందని తెలుసు. చిక్కాక చెప్పాలనుకుంటే ఎప్పటికీ చెప్పలేరు, చేతులు కలిపే ముందే చెప్పాలి. ‘అన్నా, మోకాలు బాగోలేదు, కాళ్ల పట్లు వద్దు, మిగతాది నీ ఇష్టం.’ అంతే. సంజాయిషీ అక్కర్లేదు, నవ్వుతూ అంటే చాలు. బ్లాక్ బెల్టులు కూడా రోజూ ఇలాంటివి చెప్పుకుంటూనే ఉంటారు: నా భుజం చూసుకో, నా మెడ జాగ్రత్త అని. దీన్ని పిరికితనం అనేవాళ్లు సాధారణంగా ఇంకా దెబ్బ తగలనివాళ్లు. అన్న మంచివాడైతే ఆ ఒక్క మాటతో ఆగుతాడు. చెప్పినా మళ్లీ మడమ పట్టుకుంటే ఇక ఆయనతో రోలింగ్ మానేయండి. అన్నా అనే పిలుపు పిలుపే, మోకాలు మోకాలే.

మ్యాట్ మీదికి తిరిగి వెళ్లాక ఇంకో అలవాటు చేసుకోండి. మడమ చిక్కిందని తెలిసిన క్షణమే ట్యాప్ చేసేయండి, తిప్పడం మొదలయ్యేదాకా చూడకండి. చేతులు ఖాళీగా లేకపోతే ‘ట్యాప్, ట్యాప్’ అని గట్టిగా అరవండి. ఐబీజేజేఎఫ్ పోటీల్లో పట్టులో చిక్కినవాడు నొప్పితో అరిచినా ఓటమి కిందే లెక్కేసి రిఫరీ ఆపేస్తాడు, క్లాసులో కూడా అదే పద్ధతి పెట్టుకోవాలి. మడమ పట్టుబడ్డాక కంగారులో అటూ ఇటూ దొర్లకండి. ఏ వైపు దొర్లితే బయటపడతారో, ఏ వైపు దొర్లితే మీ మోకాలిని మీరే తెంపుకుంటారో ఇంకా మీకు తెలియదు. తెలిసేదాకా ట్యాపే దారి. మీరు పట్టు వేసేటప్పుడు కూడా అంతే, ఎదుటివాడు మొండికేస్తే వదిలేసి ‘ఇక్కడ చిక్కావు’ అని చెప్పండి చాలు. క్లాసులో ఎవరూ పాయింట్లు లెక్కపెట్టడం లేదు.

ఇక పోటీ. డాక్టర్ మోకాలు చూసి, లిగమెంటు బాగానే ఉంది, ఆడొచ్చు అని నోటితో చెబితేనే వెళ్లండి. లేకపోతే పేరు వెనక్కి తీసుకోండి, ఎంట్రీ ఫీజు పోతే పోయింది. వెళ్లే పరిస్థితే ఉంటే, ఏ సంస్థ నిబంధనలతో ఆడిస్తున్నారో నిర్వాహకులకు ఒక మెసేజ్ పెట్టి ముందే కనుక్కోండి. మన దగ్గర జరిగే పోటీలన్నీ ఒకే పుస్తకం పాటించవు. గీ అయితే ఒకటి, నో-గీ అయితే ఇంకొకటి. ‘వైట్ బెల్ట్ విభాగంలో హీల్ హుక్, కత్తెర, గార్డులోకి ఎగిరి దూకడం (నిలబడ్డవాడి నడుముకు కాళ్లు చుట్టేలా గెంతడం) అనుమతిస్తారా’ అని ఈ మూడూ పేరుపేరునా అడగండి. జవాబు రాతపూర్వకంగా తెచ్చుకోండి. వాటిలో ఏ ఒక్కటి అనుమతిస్తామన్నా ఈసారికి ఆ పోటీ మీది కాదు.